కేసు పిల్లవాడిది, కౌన్సెలింగ్ మాకెందుకు?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. 20 ఏళ్ల స్నేహితుడితో ఉండగా పోలీసులు పట్టుకున్నారు. మావాడి జేబులో 30 గ్రాముల గంజాయి దొరికిందట. మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు బెయిలిచ్చి, మత్తు మాన్పించే (డీఅడిక్షన్) చికిత్స ఇప్పించమంది. అక్కడి డాక్టరు మమ్మల్నిద్దర్నీ కౌన్సెలింగ్‌కు రమ్మంటున్నారు. వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టేనని మావారు ససేమిరా అంటున్నారు. ప్రొబేషన్ ఆఫీసరు ఇంటికొచ్చి మావారి తాగుడు సంగతి కూడా అడిగారు. అలాంటిదేం లేదన్నాను. ఇబ్బందా?
– ఒక తల్లి

జవాబు: ముందు ఇద్దరూ కౌన్సెలింగ్‌కు వెళ్లండమ్మా. అది నేరం ఒప్పుకోవడం కాదు. నేరం తేల్చేది పంచనామా, ల్యాబ్ రిపోర్టు, సాక్షులు. పైగా బోర్డు ముందుకొచ్చే నివేదికలన్నీ గోప్యంగా ఉంచాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 99వ సెక్షన్ చెబుతోంది.

కేసు గురించి మరీ టెన్షన్ పడకండి. గంజాయి కిలో వరకు చిన్న పరిమాణం కిందికే వస్తుంది, గరిష్ఠ శిక్ష ఏడాది. ఆ జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఇది చిన్న నేరం. స్నేహితుడి కేసుతో కలిపి విచారించరు, మీవాడిది బోర్డులోనే నడుస్తుంది.

ఇక మీవారి అభ్యంతరం. అదే చట్టం 18వ సెక్షన్ చూపించండి. పిల్లవాణ్ణి మందలించి ఇంటికి పంపేయాలన్నా తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇవ్వాలని అందులోనే ఉంది. ప్రొబేషన్ మీద, అంటే మంచిగా ఉండాలన్న షరతుతో వదిలితే 3 ఏళ్ల వరకు మంచి నడవడికకు బాండు రాసేది కూడా తల్లో తండ్రో. ఇంట్లో ఎవరూ పట్టించుకోరనిపిస్తే పిల్లవాణ్ణి ఏ ధైర్యంతో ఇంటికి పంపుతారు?

తాగుడు సంగతి దాచడం మాత్రం మంచిది కాదు. ఇంట్లోవాళ్ల అలవాట్లు రాసే గడి ప్రొబేషన్ ఆఫీసరు బోర్డుకిచ్చే నివేదిక నమూనాలోనే ఉంది. మీరు చెప్పకపోతే పక్కింటివాళ్లు చెబుతారు, అప్పుడు అబద్ధమాడారని కూడా రాస్తారు. ఆఫీసరును మళ్లీ కలిసి, ఉన్నదున్నట్టు చెప్పి, మీవారు కూడా చికిత్సకు సిద్ధమేనని చెప్పండి. తండ్రి తాగుతాడన్నంత మాత్రాన పిల్లవాణ్ణి హోమ్‌కు పంపేయరు. ఆయన మానే ప్రయత్నంలో ఉన్నాడంటే బోర్డుకు నమ్మకం కుదురుతుంది. (ఈ మాట ఆయనకు చెప్పడమే మీకు అసలు కష్టం, తెలుసు.)

అడ్మిట్ చేయాల్సి వస్తే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల లాంటి చోటికే వెళ్లండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం మైనర్లను పెద్దల వార్డులో కలపకూడదు, మీలో ఒకరు గానీ మీ తరఫు మనిషి గానీ అడ్మిషన్ ఉన్నన్ని రోజులూ పక్కనే ఉండాలి. ‘‘వదిలేసి వెళ్లండి, మూడు నెలలకు రండి’’ అనే ప్రైవేటు సెంటర్ల గడప తొక్కకండి. గొలుసులతో కట్టేయడం అదే చట్టంలో నిషేధం.

మరొకటి మీ లాయరుతో మాట్లాడండి. చిన్న పరిమాణంతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొస్తే మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే అది పోవచ్చు. లాయరు లేకపోతే న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, మైనరు కాబట్టి ఉచితం.

వచ్చే వాయిదాకు ఓపీ చీటీలు, మీ ఇద్దరి కౌన్సెలింగ్ హాజరు కాగితం తీసుకెళ్లండి. మీవారికి సెలవు దొరకదంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి, వీలైన తేదీ అడగండి.