పెద్దవాళ్ళకి యూరిన్ ఆగకపోతే ఇంట్లో దాన్ని ఏమనాలి? మా అత్తయ్య విషయంలో జరిగింది చెప్తా

మీ నాన్నగారికి ఈమధ్య యూరిన్ ఆగట్లేదు, ‘డైపర్’ అన్న మాట ఎత్తితే చాలు లేచి వెళ్ళిపోతున్నారు, మరి ఏమని అడగాలి అని రాశారు కదా. నేను మా అత్తయ్యని నాలుగేళ్ళు చూసుకున్నా, అందులో మొదటి ఆరు నెలలు అన్నీ తప్పు మాటలే మాట్లాడా.

ఒకరోజు ఆవిడ బీరువా సర్దుతుంటే కింది అరలో దుప్పట్ల వెనకాల తడి నైటీ ఒకటి దొరికింది, నాలుగు మడతలు పెట్టి, పాత టవల్లో చుట్టి. వాసన కంటే ముందు ఆ మడతే కనిపించింది నాకు, అంత నీటుగా ఉంది. నేనేమో "ఇదేంటత్తయ్యా, మళ్ళీ పోసుకున్నారా, చెప్పొచ్చు కదా" అనేశా. తిట్టాలని కాదు, నోటికొచ్చింది అనేశానంతే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతకంటే ఘోరం ఏంటంటే నీళ్ళు తాగడం తగ్గించేశారు. (నీళ్ళు తగ్గిస్తే సమస్య తగ్గదండీ, యూరిన్ చిక్కబడి లోపల ఇంకా మంటెక్కిస్తుంది, పైగా మలబద్ధకం వస్తే ఆ ఒత్తిడి కూడా మూత్రాశయం మీదే పడుతుంది.)

తర్వాత కూర్చుని ఆలోచిస్తే తేలిందేంటంటే, నింద అంతా మనం వాడే క్రియలోనే ఉంది. ‘పోసుకున్నారు’, ‘తడిపేశారు’, ‘పాడుచేశారు’ అంటే ఆ మనిషి చేసినట్టు. ‘తడిసింది’ అంటే ఎవరూ చేయలేదు, జరిగింది. "దుప్పటి తడిసింది, మార్చేద్దాం" అంతే, ఇంకో ముక్క వద్దు. ముఖ్యంగా ఆ ‘మళ్ళీ’ తీసేయండి, వినేవాళ్ళకి మనం లెక్కపెడుతున్నట్టు ఉంటుంది. నన్నడిగితే ‘అయ్యో’ కూడా వద్దంటా, మా ఆయన మాత్రం ఒప్పుకోడు.

డైపర్ అన్నది పసిపిల్లల మాట, అందుకే మీ నాన్నగారికి అంత కోపం. మేం ప్యాడ్ అన్నాం. కానీ పేరు మీరు పెట్టకండి, ఆయన నోట్లోంచి ఏ మాట వస్తోందో కొన్నాళ్ళు విని అదే వాడండి. మా అత్తయ్య ఒకసారి మెల్లిగా "కాస్త తడైందమ్మా" అన్నారు, ఇక అప్పట్నుంచి మా ఇంట్లో అది ‘తడి’.

ఇంకోటి, "వెళ్ళాలా?" అని అడిగితే ‘లేదు’ అనే అంటారు, ఐదు నిమిషాలకి అయిపోతుంది. రెండు మూడు గంటలకోసారి నేనే "నేను పనిలో పడిపోతా, ఈలోపు ఒకసారి బాత్రూంకి వెళ్ళొద్దాం రండి" అనేదాన్ని, అంటే ఆవిడ కోసం కాదు నా కోసం అన్నట్టు. ఇదొక్కటే సగం గొడవ తగ్గించింది.

డాక్టర్ దగ్గర మాత్రం ఈ నాజూకు మాటలు పనికిరావు. మొదటిసారి నేను సిగ్గుపడి "కింద కొంచెం ఇబ్బందిగా ఉంటోందండీ" అంటే ఆయన గ్యాస్‌కి మాత్రలు రాసిచ్చాడు! దగ్గితే కారుతోందా, వస్తోందనిపించాక బాత్రూంకి చేరేలోపే అయిపోతోందా, చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉందా, ఇవి విడివిడిగా చెప్పాలి, ఎందుకంటే కారణాలు వేరు, మందులు వేరు. మగవాళ్ళలో ప్రోస్టేట్ వాపు ఉండొచ్చు, బీపీకి వాడే కొన్ని మాత్రలు యూరిన్ ఎక్కువ చేస్తాయి. ఉన్నట్టుండి మొదలై మనిషి కూడా తికమకగా మాట్లాడుతుంటే ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆలస్యం చేయకండి. లోపలికి వెళ్ళేముందు "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా" అని మీ నాన్నగారినే అడగండి.

మోషన్ విషయంలో మాత్రం ఏ మాటా కలిసిరాలేదు. తలుపేసి, చేతులు పని చేస్తుంటే నోరు వేరే కబుర్లు చెప్పేది.

చివరికి ఆవిడే ఒక కోడ్ కనిపెట్టారు. ఇంట్లో ఎవరైనా ఉంటే "ఆ బట్టలు ఆరాయేమో చూడమ్మా" అనేవారు, నేను వెంటనే లేచి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు చుట్టాలు కూర్చుని ఉండగా అలాగే అన్నారు. "ఇంత వానలో బట్టలేం ఆరతాయండీ" అన్నాడు వాళ్ళలో ఒకాయన. లోపలికెళ్ళి తలుపేసుకున్నాక ఇద్దరం నోరు మూసుకుని నవ్విన నవ్వుకి అత్తయ్యకి ఇంకాస్త తడైంది, అది కూడా ఆవిడే చెప్పారు.