కొత్త పుస్తకాలు కొనబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం. ముసురు పట్టినప్పటి నుంచీ మీ పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు కాస్త ఎక్కువయ్యాయి. అంతకుమించి నువ్వు బెంగపడాల్సిందేం లేదు.

నువ్వు పంపిన జాబితా రెండు రోజులు దగ్గర పెట్టుకుని చదివాను. ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడికో వెళ్లిన మన ఊరి పిల్లలు లైబ్రరీని గుర్తుపెట్టుకుని నలభై వేలు పోగేసి పంపడం, ఆ బాధ్యత నీ చేతిలో పెట్టడం తలుచుకుంటే నాకు కడుపు నిండిపోయింది. జాబితాలో నూట పాతిక పేర్లున్నాయి. తొంభైకి పైగా కథలు, నవలలు, కవిత్వం. అన్నీ మంచివే. నీకు నచ్చేవి, నాకూ నచ్చేవి. నా దిగులల్లా అదే. ఊళ్లో చదివేది మనిద్దరమే కాదు కదమ్మా.

ఆ లైబ్రరీ బీరువాల తాళాలు ముప్పై ఏళ్లకి పైగా నా దగ్గరే ఉండేవి. మొదటిసారి చేతికి డబ్బొచ్చినప్పుడు రాజమండ్రి వెళ్లి, నాకిష్టమైన కవుల సంపుటాలన్నీ బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చాను. అట్టలు వేశాను, నంబర్లు రాశాను, లోపల తేదీ చీటీలు అంటించాను. మూడేళ్ల తర్వాత తీసి చూస్తే సగం పుస్తకాల్లో ఆ చీటీ మీద ఒక్క తేదీ కూడా పడలేదు. ఆ రోజు నుంచి ఒక పట్టుదల పెట్టుకున్నాను. పుస్తకం కొనేముందు అది ఎవరింటికి వెళుతుందో మనసులో ఒక మనిషి కనపడాలి. కనపడకపోతే కిందపెట్టేయాలి. రంగనాథన్ గారు 1931లో రాసిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో రెండోది ‘ప్రతి పాఠకుడికీ తన పుస్తకం’. అది నాకు ఆ ఖాళీ చీటీలు చూశాకే అర్థమైంది.

అందుకని జాబితా ఓ వారం పక్కన పెట్టు. ఒక నోటుపుస్తకం పట్టుకుని ఊళ్లో తిరుగు. ‘మీకేం పుస్తకాలు కావాలి’ అని మాత్రం అడక్కు. అలా అడిగితే మర్యాద కోసం ‘ఏదో ఒకటి తేమ్మా’ అంటారు. ‘ఈమధ్య ఏం మొదలుపెట్టారు, ఎక్కడ ఆపేశారు’ అని అడుగు. ఆపేసిన చోటు చెప్పినంత నిజం ఇంకేదీ చెప్పదు. అక్షరం చిన్నదని ఆపేశారా, సంస్కృతం ఎక్కువైందని ఆపేశారా, పడుకునే వేళకి కరెంటు పోయి ఆపేశారా, ఒక్కో జవాబుకీ కొనాల్సిన పుస్తకం వేరు.

పిల్లల దగ్గర మొదలుపెడతాను. నలభై వేలలో పది వేలు వాళ్లకే పెట్టు. మన పిల్లలంతా ఇప్పుడు ఇంగ్లీషు మీడియమే. తెలుగు గలగలా మాట్లాడతారు, ఒత్తులొచ్చేసరికి ఆగిపోతారు. పదేళ్లవాడి చేతిలో ‘ఇది కాకి, ఇది కోతి’ పుస్తకం పెడితే వాడికి చిన్నతనం. వాడి ఈడుకి తగ్గ నవల పెడితే రెండో పేజీ దాటలేడు. వాడికి కావాల్సింది పెద్దక్షరాలు, పేజీకి నాలుగైదు వాక్యాలు, విషయం మాత్రం వాడి వయసుది: రైళ్లు, తిమింగలాలు, రాకెట్లు, పాములు. నేషనల్ బుక్ ట్రస్టు, ‘మంచి పుస్తకం’, ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థల దగ్గర ఇలాంటి పల్చటి పుస్తకాలు తక్కువ ధరలో దొరుకుతాయి. తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన అచ్చేసినవీ కొన్ని తీసుకో. బాగున్న వాటిని రెండేసి కాపీలు కొను, ఎందుకంటే ఒకడి చేతిలో చూస్తేనే రెండోవాడికి కావాలనిపిస్తుంది. ప్రథమ్ వాళ్లే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా పెట్టారు. కొనేముందు ఫోన్లో మన పిల్లలకి చూపించు, ఏ బొమ్మ దగ్గర మొహం దగ్గరగా పెడతారో గమనించు. తెచ్చాక బీరువాలో పెట్టి తాళం వేయకు. చాప పరిచి దాని మీద పోసేయ్. చిరుగుతాయి. మైదా ఉడకబెట్టి అతికిద్దాం, నేను వచ్చి చూపిస్తాను.

లేసు అల్లే ఆడవాళ్ల సంగతి నీ జాబితాలో అసలు లేదు. మధ్యాహ్నం పూట అరుగుల మీద చేరి కుట్టుకుంటూ ఉంటారు కదా, వాళ్ల చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీయే. ఒకమ్మాయి చదివితే ఎనిమిది మంది వింటారు. అంటే ఒక పుస్తకం ఎనిమిది మందికి ఒకేసారి ఇచ్చినట్టు. కానీ పైకి చదవడానికి ప్రతి పుస్తకమూ పనికిరాదు. షాపులోనే ఓ పక్కకి జరిగి ఒక పేజీ గొంతెత్తి చదువు. ఊపిరి ఆడకపోతే ఆ వాక్యం కంటికే గాని చెవికి కాదు. మాటలెక్కువగా ఉండి, పావుగంటలో ఒక అధ్యాయం అయిపోయేది వాళ్లకి బావుంటుంది. నా అనుభవంలో వాళ్లు అన్నిటికన్నా ఇష్టంగా విన్నవి ఆడవాళ్లు రాసుకున్న స్వీయచరిత్రలు. ఒకసారి అలా వింటున్నప్పుడు కువైట్‌లో పదేళ్లు ఇంటిపని చేసి వచ్చిన ఒకావిడ, ‘ఇలా ఎవరైనా రాయొచ్చా అండీ’ అని అడిగింది. మర్నాడు ఒక రెండొందల పేజీల తెల్లకాగితాల పుస్తకం తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ సగం నింపింది. ఈసారి కొనే పుస్తకాల్లో అలాంటి తెల్ల పుస్తకాలు ఓ నాలుగు చేర్చు.

రైతుల పుస్తకాల విషయంలో ఒక్కటే గట్టిగా చెబుతాను, అచ్చయిన సంవత్సరం చూడకుండా కొనకు. కథ పాతబడదు, పురుగుమందు మోతాదు పాతబడుతుంది. మన మార్టేరు వరి పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ వరి రకం గురించి పాత పుస్తకంలో ఉంటుంది గాని, కొబ్బరాకుల కింద తెల్లటి చుట్టలు చుట్టలుగా గుడ్లు పెట్టే సర్పిలాకార తెల్లదోమ గురించి ఉండదు. అది మన దేశంలో 2016లోనే బయటపడింది. ఈరోజు మన రైతు అడిగేది దాని గురించే. ఇలాంటివాటికి అంబాజీపేట పరిశోధన స్థానానికి వెళ్లి, వాళ్ల దగ్గర కరపత్రాలూ చిన్న పుస్తకాలూ ఏమున్నాయో అడుగు. వరికి రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ‘వ్యవసాయం’ మాసపత్రికకి చందా కట్టు. సార్వా, దాళ్వా రెండు పంటలకీ ఎప్పటిమాట అప్పుడు తెలుస్తుంది. కౌలు రైతులు చట్టం గురించి అడుగుతారు. 2019లో సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. అంతకుముందు అచ్చయిన పుస్తకాలు 2011 చట్టం దగ్గరే ఆగిపోతాయి. అది నమ్మి ఒక మనిషి ఆఫీసు చుట్టూ తిరిగితే ఆ పాపం మన లైబ్రరీదే.

గ్రూప్సుకీ డీఎస్సీకీ చదివే పిల్లలకి ఒక సెట్టు చాలు, అదీ ఈ ఏడాదిది. 2022 ఏప్రిల్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి, మన బీరువాలో ఇంకా పదమూడు జిల్లాల పుస్తకాలున్నాయి. వాటిని ముందు తీసి కట్ట కట్టేయ్. మిగిలిన డబ్బుతో ఒక మంచి అట్లాసు, ఒక పెద్ద నిఘంటువు కొను.

ముసలివాళ్లకి అక్షరం సైజు చూడు. పుస్తకాన్ని చెయ్యి చాచి పట్టుకుని, నీ కళ్లకే శ్రమ అనిపిస్తే కొనకు. వాళ్లకి భక్తి పుస్తకాలే కావాలని మనమే అనుకుంటాం. అవి మన దగ్గర ఊరికే ఇచ్చినవే రెండు అరలున్నాయి. రావిచెట్టు కింద కూర్చునే పెద్దాయన ఒకరు నన్ను ఎప్పుడూ యాత్రల పుస్తకాలే అడిగేవారు. ఆయన జీవితంలో వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం అవతలికి వెళ్లలేదు.

ఇప్పుడు నా మనసులో ఎప్పటినుంచో ఉన్న మాట. మన లైబ్రరీ గుడి పక్క వీధిలో ఉంది. ఏళ్ల తరబడి దళితులుండే పేట వాళ్లెవరూ ఆ మెట్లెక్కలేదు. ఎవరూ రావద్దనలేదు, నిజమే. రమ్మని కూడా ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిరిగిన సంగతి ఒక పత్రికలో చదివాక నాకు సిగ్గేసింది. పడవ లేకపోయినా సైకిలుంది కదా అని, ఆదివారం సాయంత్రాలు రెండు సంచుల్లో పుస్తకాలు తగిలించుకుని పేటకి వెళ్లడం మొదలుపెట్టాను. మొదటివారమే కొబ్బరి దింపు తీసే కుర్రాడొకడు సంచులు రెండూ వెతికి, ‘మా గురించి రాసినవి ఏవీ లేవా మాస్టారూ’ అన్నాడు. అప్పటికి మన దగ్గర రెండు వేల పుస్తకాలున్నాయి. అతనికివ్వడానికి ఒక్కటి లేదు. దళిత కవి బోయి భీమన్న గారు పుట్టింది మన మామిడికుదురులో. ‘మాకొద్దీ నల్లదొరతనం’ అని రాసిన మరో దళిత కవి కుసుమ ధర్మన్న గారిది రాజమండ్రి. ఇంత దగ్గరివాళ్ల పుస్తకాలు కూడా నేను తేలేదు. తర్వాత తెచ్చాను గాని ఆలస్యంగా తెచ్చాను. నువ్వు ఆలస్యం చేయకు. దళిత రచయితల కథలు, స్వీయచరిత్రలు ఈ ఇరవై ముప్పై ఏళ్లలో ఎన్నో వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. మన జిల్లా పేరులోనే అంబేద్కర్ గారున్నారు, ఆయన రచనల తెలుగు అనువాదాలు మన దగ్గర సగమే ఉన్నాయి, పూర్తి చేయి. వాటికి వేరే అర కట్టకు. కథలు కథల్లోనే, చరిత్ర చరిత్రలోనే పెట్టు. అన్ని వీధులవాళ్లూ తీసి చదవాలి.

ఇంత చెప్పానని నీ కథలూ కవిత్వం కొట్టేయమనడం లేదు. తొంభైని నలభై చేయి. ఆ నలభైలో పేరున్నవాళ్లకన్నా కొత్తవాళ్లకి చోటివ్వు. ఈరోజుల్లో కొత్త రచయిత పుస్తకం ఐదొందల కాపీలు వేస్తే గొప్ప. రెండేళ్లాగి కొందామంటే దొరకదు. కొత్తవాళ్లని ఎలా పట్టుకోవాలంటావా, కథాసాహితి వాళ్లు 1990 నుంచి ఏటా ఆ ఏడాది మంచి కథల్ని ఏర్చి సంకలనాలు వేస్తూ వచ్చారు. అందులో నీకు నచ్చిన కథ ఎవరిదో చూసి, వాళ్ల సొంత సంపుటి వెతుక్కో. సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాలసాహిత్యానికీ, 2011 నుంచి ముప్పై ఐదేళ్లలోపు యువ రచయితలకీ విడిగా పురస్కారాలిస్తోంది. తెలుగులో ఎవరికొచ్చిందో ప్రతిసారీ రాసి పెట్టుకో. అనువాదాలైతే సంభాషణలున్న పేజీ తెరిచి చూడు. తెలుగువాళ్లు అలా మాట్లాడుకోరు అనిపిస్తే ఎంత గొప్ప నవలైనా వదిలేయ్.

ఈ నలభైలో ఓ ఐదింటికి మాత్రం నేను పెట్టిన షరతు వర్తించదు. ఎవరు చదువుతారో తెలియకపోయినా, నీ మనసు లాగితే కొనేసేయ్. వాటికి పాఠకుణ్ణి వెతికే పని నీది. అదే రంగనాథన్ గారి మూడో సూత్రం.

కొనేచోట తొందరపడకు. పుస్తకం మధ్యకి తెరిచి వెన్ను మీద కాస్త వత్తు. జిగురుతో మాత్రమే అంటించినదైతే పటుక్కుమంటుంది, పది చేతులు మారేసరికి కాగితాలు రాలిపోతాయి. దారంతో కుట్టింది దొరికితే ఇరవై రూపాయలెక్కువైనా అదే తీసుకో. మెరిసే ఆర్టు కాగితం మన తడి గాలికి ఒకదానికొకటి అతుక్కుపోతుంది, బొమ్మల పుస్తకాలకి తప్ప ఒద్దు. కింది అరలో ఏమీ పెట్టకు. 1986 ఆగస్టు వరదలో నీళ్లు లోపలికొచ్చి కింది రెండు అరలూ మునిగాయి. మేం పుస్తకాల్ని డాబా మీద పేజీ పేజీ ఆరబెట్టినా మూడొందలకి పైగా పోయాయి. అరకి రెండు కలరా ఉండలు వేసి, ఎండ కాసిన రోజు బీరువా తలుపులు బార్లా తెరువు.

డబ్బు మొత్తం ఒక్కసారే ఖర్చుపెట్టకు. ముప్పై వేలకి ఇప్పుడు కొని, పది వేలు ఆర్నెల్లు ఆపు. పుస్తకాలు రాగానే జనం మళ్లీ అడగడం మొదలెడతారు, అసలు అవసరాలు అప్పుడు బయటపడతాయి. అడిగి లేదనిపించుకున్న ప్రతి పుస్తకమూ ఆ నోటుపుస్తకం వెనక రాసుకో. వచ్చిన వారంలోపే, ఎవరిని తలుచుకుని ఏది కొన్నావో అది వాళ్లింటికి నువ్వే తీసుకెళ్లి ఇవ్వు. ‘మీ కోసమే తెచ్చాను’ అని చెప్పి ఇవ్వు.

జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం మొదలవుతుంది. నూటికి పది తగ్గిస్తారు, అన్ని ప్రచురణలవాళ్లూ ఒక్కచోటే దొరుకుతారు. మొదటి రెండు రోజులూ వద్దు, జనం తగ్గాక మామూలు పనిరోజు చూసి వెళదాం. నేనూ వస్తాను. నువ్వు రాజోలులో తెల్లవారుజాము బస్సెక్కు, నేను పాలకొల్లులో ఎక్కుతాను. రెండు గోనెసంచులు, కాస్త పురికొస తెచ్చుకో. నోటుపుస్తకం మర్చిపోకు.

ఉంటాను.

మీ పెదనాన్న