రాత్రి అన్నం మానేసి చపాతీలు తింటున్నా బరువు ఎందుకు తగ్గడం లేదు?

మీరు అడిగింది ఇది: వయసు 34, ఎత్తు 165 సెం.మీ., బరువు 82 కిలోలు, కూర్చుని చేసే ఉద్యోగం. రెండు నెలలుగా రాత్రిపూట అన్నానికి బదులు మూడు చపాతీలు తింటున్నా ముల్లు కదలలేదు.

ముందు ఆ చపాతీల లెక్కే చూద్దాం. 40 గ్రాముల పిండితో చేసిన చపాతీలో సుమారు 135 క్యాలరీలు ఉంటాయి. కాల్చేటప్పుడు చిన్న చెంచా నూనె వేస్తే ఇంకో 40, 45 కలుస్తాయి. మూడు చపాతీలకు 540 దాకా అవుతుంది. వండిన అన్నంలో 100 గ్రాములకు 130 క్యాలరీలు. అంటే మీరు తినేది 400 గ్రాముల అన్నంతో సమానం, కూర లెక్క వేరే. నూనె లేని పుల్కాలు రెండు చాలు, 270తో సరిపోతుంది. అన్నమే కావాలనిపిస్తే 200 గ్రాములు పెట్టుకోండి, 260 క్యాలరీలే. రెంటిలో ఏది తిన్నా ఫరవాలేదు, కొలత ముఖ్యం.

మన భోజనంలో కొలత తప్పేది మారు వడ్డనతో. పప్పుతో కొంచెం, కూరతో కొంచెం, చారుతో కొంచెం, ఆఖర్న పెరుగుతో ఇంకొంచెం. ప్రతిసారీ గరిటెడు అన్నం పడుతుంది, మొత్తం ఎంతైందో ఎవరికీ గుర్తుండదు. అందుకే తినాల్సిన అన్నమంతా మొదటే కంచంలో పెట్టేసుకుని గిన్నె వంటింట్లోనే ఉంచండి. ఒక వారం కిచెన్ కాటా మీద తూచితే 200 గ్రాములు మీ ఇంటి గరిటెతో ఎన్నో తెలిసిపోతుంది, తర్వాత కాటా అక్కర్లేదు. పెరుగన్నానికి బదులు చివర్లో పల్చటి మజ్జిగ తాగండి.

తగ్గించిన అన్నం చోటు ఖాళీగా వదిలేస్తే సాయంత్రం నాలుగింటికి మిక్చర్ డబ్బా దగ్గరికి వెళ్తారు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కంచంలో సగం కూరగాయలు ఉండాలి: బీరకాయ, సొరకాయ, దొండకాయ, బెండకాయ, గోరుచిక్కుడు, ఏదో ఒక ఆకుకూర. బంగాళాదుంప, చేమగడ్డ, కంద ఈ లెక్కలోకి రావు, వాటిని అన్నంతో కలిపి లెక్కేయండి. ఆవకాయ, పొడులు పూర్తిగా మానక్కర్లేదు, కానీ వాటి ఉప్పూ కారమూ అన్నాన్ని ఇంకా లాగుతాయి. రోజుకు ఒక చెంచాతో ఆపండి.

మీ విషయంలో నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పేది ప్రొటీన్ గురించి. తిండి తగ్గించి ప్రొటీన్ చూసుకోకపోతే కొవ్వుతో పాటు కండా కరిగిపోతుంది, నీరసం వస్తుంది, ఆపగానే బరువు తిరిగి వస్తుంది. మీ ఎత్తుకు రోజుకు 60 నుంచి 65 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోండి. రెండు గుడ్లతో 12, చిక్కటి పప్పు ఒక కప్పుతో 7, 200 గ్రాముల పెరుగుతో 6, 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్టుతో 12, అన్నం పుల్కాల నుంచి మరో పది పన్నెండు. మిగతాది 100 గ్రాముల చికెనో చేపో తీరుస్తుంది. మాంసాహారం తినకపోతే 25 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 13 గ్రాములు దొరుకుతుంది. పప్పుచారు తాగి పప్పు తిన్నట్టు లెక్కేయొద్దు, అందులో ఉండేది ఎక్కువగా నీళ్లే. పల్లీల్లో ప్రొటీన్ ఉన్న మాట నిజమే, కానీ 30 గ్రాములకే 170 క్యాలరీలు. ఇడ్లీలోకి పల్లీ చట్నీ గిన్నెలతో కాక చెంచాలతో వేసుకోండి.

నూనెను నెల లెక్కన చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్లు అవుతుంటే మనిషికి రోజుకు 270 క్యాలరీలు నూనె నుంచే వస్తున్నాయి. దాన్ని రెండున్నర లీటర్లకు తెస్తే వంద తగ్గుతుంది, ఇంటిల్లిపాదికీ మేలు. మూడు టీల్లో రెండేసి చెంచాల చక్కెర అంటే 120, దాన్ని సగం చేయండి.

ఈ మార్పులన్నీ కలిపి రోజుకు 500 క్యాలరీలు తగ్గితే వారానికి అర కిలో చొప్పున దిగుతారు. ఇంతకంటే తొందరపడొద్దు. తిండి బాగా కోసేసిన మొదటి వారంలో రెండు మూడు కిలోలు పోయినా అందులో ఎక్కువ భాగం నీరే. అదే వేగంతో సాగితే రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్లతో రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదమూ పెరుగుతుంది. ఆరు నెలల్లో 4 నుంచి 8 కిలోలు తగ్గినా షుగర్, బీపీ, ఫ్యాటీ లివర్ విషయంలో మంచి తేడా కనిపిస్తుంది.

వ్యాయామానికి నడక చాలు. మొదటి వారం 15, 20 నిమిషాలు, తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ 45 దాకా, వారానికి ఐదు రోజులు. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, అదీ సరైన వేగం. ఈ బరువులో పరుగు, తాడాట వద్దు, మోకాళ్ల మీద భారం పడుతుంది. చెప్పులతో కాదు, బూట్లతో నడవండి. ఎండాకాలంలో ఏడు దాటకముందే ముగించండి. అరగంట నడకతో ఖర్చయ్యేది 150 క్యాలరీల లోపే, ఒక్క సమోసా దాన్ని మింగేస్తుంది. కాబట్టి నడిచాం కదా అని తినొద్దు.

వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పండి: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులానించి పుషప్‌లు పదిసార్లు, ఇలా మూడు విడతలు.

బరువు వారానికి ఒకసారి, పొద్దున్నే పరగడుపున, ఒకే కాటా మీద చూసుకోండి. ముందురోజు పెళ్లిభోజనం చేసినా, ఆడవాళ్లకు నెలసరి దగ్గరపడినా నీరు నిలిచి కిలో పెరిగినట్టు కనిపిస్తుంది. నడుము చుట్టుకొలత కూడా రాసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి వదిలాక కొలవాలి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెం.మీ. లోపు ఉండాలి. నాలుగు వారాలు బరువూ నడుమూ రెండూ కదలకపోతే కొలతలు మళ్లీ సడలాయేమో చూడండి. ఐదారు కిలోలు తగ్గాక శరీరానికి కావాల్సిందీ తగ్గుతుంది, అప్పుడు అన్నంలో ఇంకో గరిటె కోయాలి.

మొదలుపెట్టే ముందు థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. ఇన్సులిన్‌గానీ గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలుగానీ వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే డాక్టర్‌తో మాట్లాడి మోతాదు మార్పించుకోవాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి, ఆ రోజే చూపించుకోండి.