కొటేషన్‌లో నువ్వు రాయని వాటి గురించి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. గవర్నర్‌పేట ఆడిటర్ గారి ఆఫీసుకి నువ్వు వేసిన కొటేషన్ వాట్సాప్‌లో చూశాను. రెండంతస్తులు, పాతిక సిస్టమ్‌లు, ఒక సర్వర్. సర్వర్ మోడలు, ప్రాసెసరు, ర్యామ్ అన్నీ పూసగుచ్చినట్టు రాశావు. కంప్యూటర్లని కలిపే కేబుల్ దగ్గరికొచ్చేసరికి ‘క్యాట్ 6, బాక్సులు 3’ అని వదిలేశావు. యూపీఎస్‌కి ఒకే లైను. ఎర్తింగ్ ఊసు లేదు, బ్యాకప్ ఊసు అసలే లేదు. ఆ ఆఫీసు ఎప్పుడైనా ఆగిందంటే నువ్వు పూసగుచ్చి రాసినదానివల్ల కాదురా, రాయకుండా వదిలేసినవాటివల్లే ఆగుతుంది. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నా.

ముందు కరెంటు సంగతి చూడు. సర్వర్ పెట్టబోయే గదిలో ప్లగ్ పాయింటు దగ్గర మల్టీమీటర్ పెట్టి మూడు కొలతలు తీసుకో. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 అటూ ఇటూ ఉండాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మాత్రం 2 వోల్టులు దాటకూడదు. అక్కడ 15, 20 కనిపించిందా, సర్వర్ డబ్బా తెరవకు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. పాత బిల్డింగుల్లో ఎర్త్ పిట్ ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది, లేదంటే ఎర్త్ వైరు బోర్డు దాకా వచ్చి ఆగిపోయి ఉంటుంది. కంప్యూటర్ ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడుతోందని స్టాఫ్ అంటే నవ్వి ఊరుకోకు. అక్కడ ఎర్త్ లేదనే అర్థం.

యూపీఎస్ ఆన్‌లైన్ రకమే, అంటే కరెంటు పోయినా క్షణం కూడా తెగకుండా ఇచ్చేదే తీసుకో. ఇంటి ఇన్వర్టర్ ఉందిగా అంటారు. అది కరెంటు పోయినప్పుడు మారడానికి తీసుకునే ఆ రెప్పపాటు చాలు, సర్వర్ రీస్టార్ట్ అవడానికి. పైన రాసి ఉండే కేవీఏ చూసి మురిసిపోకుండా వాట్లు లెక్కవేసి, సగం లోడు దాటకుండా చూడు. సర్వర్ ఒక్కదాన్నే యూపీఎస్ మీద పెట్టి స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే డబ్బా), ఫైర్‌వాల్ (బయటి నెట్‌కీ ఆఫీసుకీ మధ్య కాపలా డబ్బా), ఫైబర్ వాడిచ్చిన డబ్బా మామూలు ప్లగ్గులో పెట్టేవాళ్లని చాలామందిని చూశాను. కరెంటు పోతే సర్వర్ బతికే ఉంటుంది, దాన్ని చేరే దారే ఉండదు. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్ దరిదాపుల్లోకి రానివ్వకు. వేడెక్కేటప్పుడు అది లాగే లోడుకి యూపీఎస్ చేతులెత్తేస్తుంది.

ఇంకొకటుంది. యూపీఎస్‌తో పాటు ఒక యూఎస్‌బీ కేబుల్ ఇస్తారు, దాన్ని సర్వర్‌కి పెట్టి సాఫ్ట్‌వేర్ వేస్తే బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్ తనంతట తనే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. ఏ ఆఫీసుకెళ్లినా ఆ కేబుల్ సీలు కూడా విప్పకుండా అట్టపెట్టెలోనే ఉంటుంది. నువ్వు పెట్టు. పెట్టి, మెయిన్ ఆపేసి, అది నిజంగా షట్‌డౌన్ అయ్యేదాకా అక్కడే కూర్చో. బ్యాటరీలు మన బెజవాడ ఎండలకి రెండు మూడేళ్లకి మించి రావు, మార్చే తేదీ యూపీఎస్ మీదే స్టిక్కర్ వేసి రాయి.

సర్వర్ ఎక్కడ పెట్టాలన్నది నీకు వదిలేస్తే కింద ఫ్లోర్లో మెట్ల కింద పెడతావు, ఎందుకంటే ఆడిటర్ గారు ఖాళీగా చూపించేది అదే. వద్దు, పై అంతస్తులో పెట్టించు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. గవర్నర్‌పేటకి బుడమేరు రాదులే మామయ్యా అంటావు. నిజమే కావచ్చు, పైవాళ్ల బాత్రూమ్ పైపు మాత్రం వస్తుంది. అందుకని రాక్ (సర్వర్, స్విచ్ బిగించే ఇనుప బీరువా) పైన నీళ్ల పైపు లేని గోడ ఎంచుకో. ఏసీ కిందే రాక్ పెట్టకు. చల్లగా ఉంటుందని అందరూ అక్కడే పెడతారు, డ్రెయిన్ పైపు మూసుకుపోయిన రోజు నీళ్లు నేరుగా సర్వర్ నెత్తిన పడతాయి. కేబుళ్లు లోపలికొచ్చే కన్నాలన్నీ మూయించు, ఎలుకలకి క్యాట్ 6 అంటే మహా ప్రీతి.

ఇక కేబుల్. బజార్లో సగానికి సగం ధరకి దొరికే బాక్సులో ఉండేది రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. దుకాణంలోనే ఒక ముక్క కోయించి, లోపలి తీగని బ్లేడుతో గీకి చూడు. తెల్లగా మెరిసిందా, బాక్సు వెనక్కి ఇచ్చెయ్. 305 మీటర్ల బాక్సు ఎత్తి చూసినా తెలుస్తుంది, రాగిది బరువు, అది తేలిక. ఆ పూత కేబుల్ వంపు దగ్గర విరుగుతుంది. సీసీ కెమెరాలకీ, వైఫై డబ్బాలకీ కేబుల్లోనే కరెంటు పంపిస్తాం కదా, అప్పుడు వేడెక్కుతుంది. అదే పైపులో కరెంటు వైర్లు లాగమని ఎలక్ట్రీషియన్ బతిమాలతాడు, ఒప్పుకోకు. అడ్డంగా దాటాల్సి వస్తే తొంభై డిగ్రీల్లో దాటించు, పక్కపక్కన పరిగెత్తించకు.

గోడలో వెళ్లే కేబుల్‌కి చివర ప్లగ్ క్రింప్ చేసి నేరుగా కంప్యూటర్‌కి గుచ్చకు. ఇటు గోడకి సాకెట్, అటు రాక్‌లో ప్యాచ్ ప్యానెల్ (సాకెట్ల వరస) పెట్టి, రెండు చోట్లా తీగల్ని పంచ్ చెయ్యి, అంటే టూల్‌తో నొక్కి బిగించు. లోపలి తీగలు జతలుగా మెలిపెట్టి ఉంటాయి, ఆ మెలిక అర అంగుళానికి మించి విప్పకు. రెండు చివరలా ఒకటే రంగుల వరస, టీ568బీ. ఆ మూడొందల రూపాయల టెస్టర్లో 1 నుంచి 8 దాకా లైట్లు వెలిగితే పనైపోయిందనుకోకు, అది తీగ తెగలేదని చెబుతుంది అంతే. కంప్యూటర్ పెట్టాక స్విచ్‌లో ఆ పోర్టు స్పీడు చూడు. గిగాబిట్‌కి, అంటే 1000 మెగాబిట్ల స్పీడుకి, నాలుగు జతలూ కావాలి, ఒక జత పోయినా చాలాసార్లు చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోయి నడుస్తుంటుంది. ఆర్నెల్ల తర్వాత ‘ఆ మూల సీటు స్లో’ అని ఫోనొస్తుంది. ప్రతి కేబుల్‌కీ రెండు చివరలా నంబరు వెయ్యి. పైకప్పు లోపల కూడా.

పొడవు మొత్తం 100 మీటర్ల లోపే ఉండాలన్నది నీకు తెలుసు. రేపు వాళ్లు ఎదురు బిల్డింగులో ఇంకో పోర్షన్ తీసుకుంటే మాత్రం దూరం తక్కువే కదా అని రాగి లాగకు. రెండు బిల్డింగుల ఎర్త్ ఒకటి కాదు, పిడుగు పడితే రెండు వైపులా స్విచ్‌లు పోతాయి. అక్కడికి ఫైబరే.

స్విచ్ మేనేజ్డ్ రకం, అంటే మనం సెట్టింగులు పెట్టుకోగలిగేది తీసుకో. డబ్బు ఎక్కువని ఆడిటర్ గారు అంటే ఈ సంగతి చెప్పు. టేబుల్ కింద ఒక కేబుల్ వేలాడుతుంటుంది. ఊడ్చడానికొచ్చిన అమ్మాయో, కొత్తగా చేరిన కుర్రాడో ఊడిపోయిందనుకుని దగ్గర్లో కనిపించిన ఖాళీ పోర్టులో గుచ్చుతారు. రెండు చివరలూ ఒకే స్విచ్‌లోకి వెళ్తాయి. నిమిషంలో ఆఫీసంతా నిలిచిపోతుంది, స్విచ్ లైట్లన్నీ ఒకేసారి పిచ్చెక్కినట్టు కొట్టుకుంటాయి. ఇలాంటి లూప్‌కి కాపలా ఉన్న స్విచ్ ఆ ఒక్క పోర్టునే మూసేసి మిగతావాళ్లని పని చేసుకోనిస్తుంది. ఇంటి నుంచి పాత వైఫై రౌటర్ తెచ్చి సీటు దగ్గర పెట్టుకునేవాడు ఇంకొకడుంటాడు. అది తన ఇష్టమొచ్చిన ఐపీలు (నెట్‌వర్క్ అడ్రసులు) అందరికీ పంచుతుంది. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్, అంటే అలాంటి దొంగ పంపకాన్ని ఆపే సెట్టింగు, ఆన్ చేసి ఉంచావంటే ఆ గొడవ ఉండదు.

ఐపీల సంగతి. 192.168.0, 192.168.1 ఈ రెండూ వాడకు. స్టాఫ్ ఇళ్లలో రౌటర్లన్నీ అవే. రేపు ఇంటి నుంచి వీపీఎన్‌లో (ఇంటర్నెట్ మీద ఆఫీసుకి వేసే రహస్య దారి) వస్తామన్నప్పుడు ఇంటి ప్రింటరూ ఆఫీసు సర్వరూ ఒకే అడ్రసు మీద కొట్టుకుంటాయి. 10.20తో మొదలుపెట్టుకో. స్టాఫ్, సర్వర్లు, కెమెరాలు, క్లయింట్ల వైఫై, నాలుగింటికీ వేరువేరు వీల్యాన్లు (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లు). ఫైల్ ఇవ్వడానికొచ్చిన క్లయింట్ ఫోనుకి మన సర్వర్ కనిపించకూడదు. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) మీద కూర్చునేవాళ్లందరికీ కేబులే ఇవ్వు, వైఫై మీద మల్టీ యూజర్ టాలీ పెడితే ఎంట్రీ మధ్యలో సిగ్నల్ తెగి డేటా పాడవుతుంది. తర్వాత పాడైన డేటా బాగుచేసే రీరైట్‌లు చేసుకుంటూ కూర్చోవాలి.

ఇంటర్నెట్ రెండు కంపెనీలది పెట్టమని నువ్వు రాశావు, బాగుంది. కానీ ఒకసారి రోడ్డు మీదకెళ్లి తలెత్తి చూడు. మన ఊళ్లో ఫైబర్లు కరెంటు స్తంభాల మీద, టీవీ కేబుళ్లతో కలిసి వేలాడుతుంటాయి. రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభం మీద నుంచొస్తే ఒక్క లారీ రెండూ తెంచుకుపోతుంది. ఒకటి ముందు వీధి నుంచి, ఇంకొకటి వెనక సందు నుంచి రప్పించు. కుదరకపోతే రెండోది సిమ్‌తో నడిచే 4జీ రౌటర్ పెట్టు, రిటర్న్ అప్‌లోడ్‌కి అది చాలు. ఫైర్‌వాల్ తనంతట తనే మారుతుందో లేదో సెట్టింగు చూసి నమ్మకు, కేబుల్ పీకి చూడు.

ఆడిటర్ గారు ఇంటి నుంచి సర్వర్ చూడాలంటారు. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 బయటికి తెరవకు. నంబరు మార్చి 33890 పెట్టానంటావేమో, వెతికేవాడికి అది కనుక్కోవడం పెద్ద పని కాదు. వీపీఎన్ పెట్టు, దానికి ఓటీపీ కూడా పెట్టు. విండోస్ అప్‌డేట్లు వాయిదా వెయ్యకు. 2017 మే 12న ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ వాన్నాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు మన ఆంధ్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది. వేసుకున్నవాళ్లు బతికారు. ఏదైనా దాడి జరిగితే ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కి (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) చెప్పాలని, లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందన్న రికార్డులు) 180 రోజులు ఉంచాలని 2022 ఏప్రిల్ ఆదేశం ఉంది. ఫైర్‌వాల్ లాగ్‌లు దాచే చోటు ఇప్పుడే చూసుకో, మిషన్లన్నిటికీ టైము ఒకటే ఉండేలా ఎన్‌టీపీ పెట్టు.

బ్యాకప్ గురించి కాస్త ఓపిగ్గా చదువు. సర్వర్‌లో రెండు డిస్కులు రెయిడ్ 1లో ఉన్నాయి కాబట్టి బ్యాకప్ ఉన్నట్టేనని ఆడిటర్ గారికి చెప్పావట. అద్దం ముందు నిలబడి బొట్టు చెరుపుకుంటే అద్దంలోనూ చెరుగుతుంది, రెయిడ్ 1 చేసేదీ అదే. డిస్కు పోతే కాపాడుతుంది. కుర్రాడు ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ ఆ క్షణమే పోతుంది, రాన్సమ్‌వేర్ వస్తే రెండింట్లోనూ తాళం పడుతుంది. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వాటి మీద ఉండాలి, ఒకటి ఆఫీసు బయట ఉండాలి. సర్వర్ మొదటిది, నాస్ (నెట్‌వర్క్‌కి పెట్టే డిస్కుల డబ్బా) రెండోది, క్లౌడ్ మూడోది. నాస్‌ని జెడ్ డ్రైవ్‌గా ఎవరి కంప్యూటర్లోనూ పెట్టకు, కనిపించిన డ్రైవునల్లా వైరస్ తినేస్తుంది. బ్యాకప్‌కి వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్. రాత్రి బ్యాకప్ మొదలయ్యేముందు టాలీలు మూసి ఉండాలి. జనం తెరిచే ఉంచి ఇంటికెళ్లిపోతారు, అలా తీసిన కాపీని నమ్మడానికి లేదు.

బయటి కాపీ బయటి ఊళ్లో ఉంటే మరీ మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని కొట్టినప్పుడు ఊరు ఊరంతా కరెంటు, ఫోన్లు లేకుండా పడి ఉంది. అలాంటప్పుడు ఆఫీసు కాపీ, పక్క వీధిలో ఇంటి కాపీ ఒకటే. క్లౌడ్ అయితే మన దేశంలోనే పెట్టు, అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి ముంబైలోనూ హైదరాబాద్‌లోనూ సెంటర్లున్నాయి. కంపెనీల లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్లో, అదీ రోజూ ఉండాలని 2022 ఆగస్టులో నిబంధన మార్చారు. ఎనిమిదేళ్ల లెక్కలు దాచాలన్నది కంపెనీల చట్టం. ఇవి ఆడిటర్ గారికి నీకంటే బాగా తెలుసు, నువ్వు అటు నుంచి మాట మొదలుపెడితే బ్యాకప్ ఖర్చుకి బేరమాడరు.

బ్యాకప్ పచ్చగా ‘సక్సెస్’ అని చూపించడం వేరు, తిరిగి రావడం వేరు. నెలకోసారి ఒక క్లయింట్ ఫోల్డర్ క్లౌడ్ నుంచి వేరే కంప్యూటర్లోకి దించి టాలీలో తెరిపించు. తెరిచేది నువ్వు కాదు, అక్కడి సీనియర్ అకౌంటెంట్. చివరి వోచర్ నిన్నటిదేనా, క్యాష్ బ్యాలెన్స్ సరిపోయిందా అని ఆయనే చూసి నోటుబుక్కులో సంతకం పెట్టాలి. ఎంతసేపు పట్టిందో కూడా రాయించు. సర్వర్ మొత్తం పోతే ఎన్ని గంటలు ఆగాలో అప్పుడు అందరికీ ముందే తెలిసి ఉంటుంది, ఆ రోజు నీ మీద అరవరు.

ఆడిటర్ ఆఫీసుకి తిథులుంటాయి. నెలనెలా జీఎస్‌టీ రిటర్న్‌లు, 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ. సెప్టెంబరు నెలాఖరు టాక్స్ ఆడిట్. ఆ రోజుల చుట్టూ దేనినీ కదపకు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా వద్దు. మార్పులన్నీ 21 దాటాక, శనివారం సాయంత్రం. ఆదివారం చేతిలో ఉంటుంది.

పాస్‌వర్డ్ల దగ్గర మన లైన్లో ఒక పాడు అలవాటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకుని, అదే తన ఏఎంసీకి (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టుకి) గ్యారంటీ అనుకుంటారు. డొమైన్ పేరు తన మెయిల్ మీద కొంటారు, ఇంటర్నెట్ కనెక్షన్ తన ఫోన్ నంబరు మీద పెడతారు. మనిషికి జ్వరమొస్తే ఆఫీసుకి జ్వరమొస్తుంది. నువ్వు అలా చెయ్యకు. డొమైన్, మెయిల్ అడ్మిన్, టాలీ లైసెన్స్ ఐడీ, ఇంటర్నెట్ బిల్లు అన్నీ ఆడిటర్ గారి పేరు మీదే. పాస్‌వర్డ్లన్నీ కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, సీలు వేసి ఆయన బీరువాలో పెట్టించు. ఏ పోర్టు ఏ సీటుదో రాక్ తలుపు లోపల అతికించు. నువ్వు పెళ్లికి ఊరెళ్తే ఇంకెవడైనా వచ్చి ఆ కాగితం చూసి పని చెయ్యగలగాలి. అలా ఇచ్చినవాణ్ణి వదులుకున్న ఆఫీసు నేను పెద్దగా చూడలేదు.

ఏఎంసీలో ఏవి వస్తాయో, ఏవి రావో స్పష్టంగా రాయి. ఫోన్ చేస్తే ఎంతసేపట్లో వస్తావో రాయి, అంతకంటే ముందు వస్తానని నోటితో చెప్పకు. నెలనెలా చేసే రీస్టోర్ పరీక్షకి వేరే లైను వేసి డబ్బు తీసుకో, ఊరికే చేస్తానన్న పని మూడో నెలకి ఆగిపోతుంది. ప్రింటర్ టోనర్, డ్రమ్, కాగితం ఇరుక్కోవడం, వీటిని మాత్రం ఏఎంసీలో కలపకు. కలిపావంటే వారంలో నాలుగు రోజులు ప్రింటర్ దగ్గరే ఉంటావు.

నీ
మామయ్య