ముందు డేటాబేసును పక్కన పెట్టించు

తమ్ముడూ,

పాత డేటాబేస్ ప్రోగ్రాం ఫాక్స్‌ప్రో రిపోర్టు ప్రింటర్ పోర్టుకు వెళ్లకపోతే ఏం చేయాలో రాసిన నీ వ్యాసం చదివాను. "కేబుల్ చూడండి, డ్రైవర్ మళ్లీ వేయండి" అని మొదలుపెట్టావు. ఆ రెండూ చేసి విసిగాకే పాఠకుడు నీ దాకా వస్తాడు. కొట్టెయ్.

ముందు తప్పు ఎటువైపుందో తేల్చు. రిపోర్ట్ ఫారం కమాండులో టు ప్రింటర్ తీసేసి టు ఫైల్ పెట్టించు. విజువల్ ఫాక్స్‌ప్రో (తర్వాతి విండోస్ వెర్షన్) అయితే చివర ఆస్కీ, అంటే ఉత్త టెక్స్టు, అని చేర్చాలి, లేకుంటే ఫైల్లో డ్రైవర్ సంకేతాలు పడతాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే రిపోర్టు సరిగ్గా కనబడిందా, ప్రోగ్రాం తప్పేమీ లేదు. ఇక కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫైలును కాపీ /బి తో ఎల్‌పీటీ1కి, అంటే పాతకాలపు ప్రింటర్ పోర్టుకు, పంపించు. /బి ఎందుకో కూడా రాయి. అది లేకపోతే కాపీ కమాండు 26వ నంబరు అక్షరం, అంటే కంట్రోల్-జెడ్, తగలగానే ఫైలు అయిపోయిందనుకుంటుంది. బొమ్మలున్న ఫైళ్లు సగంలో తెగేది చాలాసార్లు అందుకే. పాపం, నింద ప్రింటర్ మెమరీ మీద పడుతుంది.

కాపీ కూడా పని చేయకపోతే పోర్టును పట్టుకో. నీ వ్యాసంలో రెండే వాక్యాలున్న ఈ భాగానికి పేజీ ఇవ్వాలి. పాత ప్రోగ్రాం ఎల్‌పీటీ1 వైపే చూస్తుంది, యూఎస్‌బీ ప్రింటర్ అక్కడ ఉండదు. ప్రింటర్‌ను ఖాళీల్లేని చిన్న పేరుతో షేర్ చేసి, నెట్ యూజ్ కమాండుతో ఎల్‌పీటీ1ని ఆ షేర్‌కు కలపాలి. ఎర్రర్ 85 వస్తే ఎల్‌పీటీ1 ఇప్పటికే మరోదానికి కలిపి ఉంది. /డిలీట్ తో విడదీసి మళ్లీ కలపాలి. 67 వస్తే షేర్ పేరు తప్పు. మెషీన్‌లో నిజంగానే ఎల్‌పీటీ1 పోర్టు ఉంటే దానితో కుస్తీ దేనికి, ఎల్‌పీటీ2కి కలిపి ప్రోగ్రాంలోనూ అదే పెట్టమను.

ఎర్రర్ ఏమీ రాకుండా కాగితమూ రాకపోతే ప్రింటర్ రకం అడుగు. విండోస్ డ్రైవర్ మీదే పూర్తిగా ఆధారపడే చౌక ప్రింటర్లకు ఉత్త టెక్స్టు అర్థం కాదు. ఫైలు వెళ్తుంది, మాయమవుతుంది. చివరి పేజీ లోపలే ఉండిపోతే ఫారం ఫీడ్, అంటే కాగితాన్ని బయటికి తోసే 12వ నంబరు అక్షరం, అందలేదు. ఎజెక్ట్ కమాండు చాలు. వరుసలు మెట్లలా దిగితే కింది వరుసకు దించే 10వ నంబరు అక్షరం వెళ్తోంది, వరుస మొదటికి తెచ్చే 13 వెళ్లడం లేదు.

ఫాక్స్‌ప్రో ఇచ్చే ఎర్రర్ 125ను "ప్రింటర్ సమస్య" అని నీ మాటల్లోకి మార్చకు. తెరమీద ఉన్న మాట, నంబరు యథాతథంగా ఉంటేనే వెతికేవాడికి దొరుకుతుంది. ఏ విండోస్, ఏ వెర్షన్ మీద పరీక్షించావో మొదటి పేరాలోనే చెప్పు. 64-బిట్ విండోస్‌లో డాస్ ఫాక్స్‌ప్రో తెరుచుకోనే తెరుచుకోదు, ఆ పాఠకుడు ఇదంతా చదివి లాభం లేదు.

తిరగరాసి పంపు.

అన్నయ్య