కొండ మెట్లెక్కితే సరిపోదా?

ప్రశ్న: నాకు 50 ఏళ్ళు, బరువు 60 కిలోలు. నెలసరి ఆగి ఏడాదిన్నర అయింది. గర్భసంచి ఉంది. రాత్రుళ్ళు ఒళ్ళంతా వేడి ఆవిర్లు, చెమటలు, నిద్ర ఉండదు. డాక్టరమ్మ హార్మోన్లు వాడదామంటున్నారు. క్యాన్సర్ వస్తుందేమోనని భయం. బరువులు కూడా ఎత్తమన్నారు. నెలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండకు పోతాను, అది చాలదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఈ భయం 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంతో మొదలైంది. అందులోని స్త్రీల సగటు వయసు 63. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్ రెండూ కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ ఏటా 10,000 మందికి 8 చొప్పున ఎక్కువగా కనిపించింది. ముప్పు బొత్తిగా లేదని కాదు. కానీ 60 లోపు వయసులో, నెలసరి ఆగి పదేళ్ళు దాటకముందు, మీలా నిద్రే కరువైనవారికి సాధారణంగా మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, గుండెపోటు, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, కాలేయ జబ్బు ఎప్పుడైనా వచ్చి ఉంటే మాత్రం దాచకుండా చెప్పండి. బీపీ, మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) ముందే చూపించుకోండి.

గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు. లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయొచ్చు. దాన్ని అడ్డుకునేది ప్రొజెస్టిరాన్. మత్తుగా ఉందని చాలామంది ఆ మాత్రే మానేస్తారు, అది పెద్ద పొరపాటు. పడుకునేముందు వేసుకుంటే ఆ మత్తు నిద్రకే పనికొస్తుంది. ఈస్ట్రోజెన్ చర్మానికి రాసే జెల్‌గానూ దొరుకుతుంది. మాత్రకన్నా దానితో రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. మళ్ళీ రక్తం కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

హార్మోన్ ఎముక అరుగుదలను తగ్గిస్తుంది, కండను పెంచే పని మీదే. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, గుండెకూ తొడలకూ మంచిదే. కానీ నెలకోసారైతే ఒళ్ళు నొప్పులే మిగులుతాయి. చేతులకూ వీపుకూ పని పడదు.

వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు వదిలి చేయండి. కుర్చీలో కూర్చుని చేతుల ఊతం లేకుండా లేవడం, గోడకు చేతులానించి దండీలు, నడుం వంచకుండా తుంటి దగ్గర వంగి బియ్యం సంచి ఎత్తడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు. ఒక్కో విడతలో చివరి రెండుసార్లూ కష్టంగా అనిపించాలి. 12 తేలికైతే బరువు పెంచండి. ఏడాదంతా అదే కిలో డంబెల్ పట్టుకుంటే ఫలితం ఉండదు. ఊపిరి బిగబడితే బీపీ పెరుగుతుంది, ఎత్తేటప్పుడు వదలండి. మోకాలు నొప్పైతే ఎత్తు కుర్చీ వాడండి.

మీ బరువుకు రోజుకు 60 నుంచి 72 గ్రాముల ప్రొటీన్ కావాలి. రాగి సంగటిలో కాల్షియం బాగా ఉన్నా, 100 గ్రాముల పిండిలో ప్రొటీన్ 7 గ్రాములే. పక్కన ఉలవలు, గుడ్డు, చెనిక్కాయల పచ్చడి, పెరుగు పెట్టుకోండి. 50 గ్రాముల ఉలవల్లో 11 గ్రాములు, గుడ్డులో 6 వస్తాయి. కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క మీకు పనికిరాదు, డాక్టరును అడిగే తినాలి.