పిల్లల డాక్టరు జవాబులు: 'అక్కడ' అంటే ఎక్కడ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు మూడున్నరేళ్లు, బాబుకు ఏడాదిన్నర. స్నానం చేయించేటప్పుడు కన్ను, ముక్కు, మోకాలు అని పేర్లు చెప్పిస్తుంటాను. నడుము దిగేసరికి నా నోరు పెగలదు. పాపకు 'షేమ్ షేమ్' అలవాటైంది. బాబుది మా ఆయన 'బుజ్జి' అంటారు. అసలు పేర్లే నేర్పమని ప్లేస్కూల్ టీచర్ అన్నారు. ఆ మాట ఇంట్లో చెబితే 'పసిపిల్లల నోట అవేం మాటలు' అని మా అత్తగారు కోప్పడ్డారు. ఆ పేర్లేవో నాకూ సరిగ్గా తెలీదు. తెలుగులో ఉన్నవి అయితే పుస్తకాల మాటలు, లేదంటే తిట్లు. ఏం నేర్పమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ టీచర్ చెప్పిందే చెయ్యండి. ఎందుకో నా గదిలో కూర్చుంటే అర్థమవుతుంది. నాలుగేళ్ల పాప 'అక్కడ మంట' అంటుంది. ఎక్కడమ్మా అంటే వాళ్లమ్మ వంక చూస్తుంది. అమ్మ గొంతు తగ్గించి 'కింద, డాక్టర్ గారూ' అంటుంది. ఆ 'కింద'లో మూడు వేర్వేరు చోట్లున్నాయి. మూత్రం వచ్చే చోట మంటైతే ఇన్ఫెక్షనేమోనని యూరిన్ టెస్టు రాస్తాను. యోని చుట్టూ చర్మం ఎర్రబడి దురదగా ఉంటే చాలాసార్లు సబ్బు నురుగో, తడి నిక్కరో కారణం. సబ్బు మాని, మంచినీళ్లతో కడిగి, వదులుగా కాటన్ బట్ట వేస్తే ఎక్కువమందికి తగ్గిపోతుంది. రాత్రి నిద్రలో మలద్వారం దగ్గర దురదపెట్టి ఏడుస్తోందంటే నులిపురుగులు అనుకుంటాను. వాటికి పాప ఒక్కదానికే కాదు, ఇంట్లో అందరికీ మందు ఇవ్వాల్సి వస్తుంది. చోటు తెలిస్తే సగం వైద్యం అయిపోయినట్టే.

ఒక పన్నెండేళ్ల పిల్లాణ్ని కడుపునొప్పి, వాంతులు అని తీసుకొచ్చారు. పొట్ట నొక్కితే మెత్తగా ఉంది. వాళ్ల నాన్న పక్కనుండగానే పూర్తిగా పరీక్ష చేస్తే నొప్పి కడుపులో కాదు, వృషణంలో. వృషణం మెలిపడితే దానికి రక్తం అందదు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది, ఆలస్యమైనకొద్దీ ఆశ తగ్గిపోతుంది. ఆ పిల్లాడికి సమయానికి ఆపరేషన్ జరిగింది. ఇంట్లోనే ఎందుకు చెప్పలేదురా అని తండ్రి అడిగితే 'ఏమని చెప్పాలి నాన్నా?' అన్నాడు.

ఇక మాటలు. పాపకు 'యోని' అని చెప్పండి. కచ్చితంగా అయితే యోని అంటే లోపలి మార్గం, పైకి కనిపించేదాన్ని వల్వా అంటారు. మూడున్నరేళ్లకు ఆ తేడా అక్కర్లేదు. మూత్రం వచ్చే చోటు, దొడ్డికి వచ్చే చోటు వేరని మాత్రం చెప్పండి. బాబుకు 'పురుషాంగం'. పెద్ద మాటే, కానీ డైనోసార్, హెలికాప్టర్ పలికే నోటికి అదెంత? ఇంట్లో పీనిస్ అనడమే తేలికైతే అలాగే అనండి, నాకేం అభ్యంతరం లేదు. వృషణాలు పలకడం కష్టమైతే బీజాలు అనండి. నేను చూసేది ఒక్కటే: గడప దాటాక ఆ మాట ఎదుటివాళ్లకు ఒక్కసారికే అర్థం కావాలి. రేపు మీ బాబు 'టీచర్, బుజ్జి నొప్పి' అంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుంటుంది ఆవిడ.

ముద్దుపేర్లను ఒక్కరోజులో మాన్పించనక్కర్లేదు, పక్కన అసలు పేరు చేరుస్తూ పోండి. 'షేమ్ షేమ్' మాత్రం ఈరోజే ఆపండి. ఎవరైనా ముట్టుకోకూడని చోట ముట్టుకుంటే సిగ్గుపడాల్సింది ఆ మనిషి. షేమ్ షేమ్ అని వింటూ పెరిగిన పిల్ల ఆ సిగ్గు తనదే అనుకుని నోరు విప్పదు. నాకు అన్నిటికంటే భయం అదే. పేర్లతో పాటే ఇదీ చెప్పండి: శుభ్రం చేసే అమ్మానాన్నలు, అమ్మ పక్కనుండగా చూసే డాక్టరు తప్ప ఎవరూ అక్కడ ముట్టుకోకూడదు. 'ఎవరికీ చెప్పకు' అని ఎవరైనా అంటే, అది అమ్మకు చెప్పాల్సిందే.

నేర్పడానికి ప్రత్యేకంగా కూర్చోబెట్టి పాఠం చెప్పొద్దు. 'మోకాలు కడుక్కో, యోని కడుక్కో, పాదాలు కడుక్కో' అని ఒకే గొంతుతో అనండి. నోరు పెగలకపోతే ముందు తలుపేసుకుని మీరే నాలుగుసార్లు పైకి అనుకోండి. మీ అత్తగారికి నులిపురుగుల సంగతి చెప్పండి. జబ్బు గురించి వింటే పెద్దవాళ్లకు ఆ మాటలు అంత ఎబ్బెట్టుగా అనిపించవు. మనవరాలి ఇబ్బంది గురించి ఫోన్లో పేరు పెట్టి స్పష్టంగా చెప్పిన నానమ్మలు నాకు తెలుసు.

ప్రశ్న: మా నాలుగేళ్లవాడికి అసలు పేర్లే నేర్పాం. ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్ల ముందు ఆ మాట గట్టిగా అని పగలబడి నవ్వుతున్నాడు. ఎవరైనా వస్తున్నారంటే టెన్షన్. తొందరపడ్డామా?
– ఒక తండ్రి

జవాబు: లేదండీ. ఆ మాట అనగానే మీ మొహాల్లో కంగారు కనిపిస్తోంది, వాడికి ఆట అదే. కోప్పడకండి, నవ్వకండి. 'అవును, అది నీ ఒంట్లో భాగం. ఆటకు అనే మాట కాదు. నొప్పైనా, ఎవరైనా ముట్టుకున్నా ఎవరి ముందైనా గట్టిగా చెప్పు' అని మామూలుగా అనేసి, వేరే కబుర్లలో పడండి. కొన్నాళ్లకు విసుగొచ్చి వాడే మానేస్తాడు. ఈ వయసులో అప్పుడప్పుడూ అక్కడ చెయ్యి పెట్టుకోవడమూ మామూలే, 'ఛీ' అనకుండా చేతికో బొమ్మ ఇవ్వండి. రోజంతా అదే ధ్యాసగా ఉన్నా, మూత్రానికి వెళ్లేటప్పుడు ఏడుస్తున్నా, తన వయసుకు తెలియకూడని పనుల గురించి మాట్లాడుతున్నా మాత్రం ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.